అడవికి వెళ్తూ స్పీకరెందుకు?

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు ముందు బస్సు ఆగుతుంది. హైదరాబాద్ నుంచి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని అనంతగిరి కొండలకు ప్రయాణం. మూసీ నది పుట్టిన చోటు అది. ముప్ఫై మంది ఎక్కుతారు. వారికంటే ముందు పెద్ద స్పీకరు ఎక్కుతుంది. రిసార్టు చేరగానే కార్యక్రమ పట్టిక చేతికొస్తుంది. అయిదింటికి ఆటలు, ఏడింటికి ప్రసంగం, ఎనిమిదింటి నుంచి డీజే, మర్నాడు పొద్దున్నే వచ్చే మూడు నెలల లక్ష్యాలపై సమావేశం. ఆదివారం ఇంటికి చేరేసరికి కొందరికి గొంతు పోయి ఉంటుంది, చాలామందికి నిద్ర చాలదు. ఖర్చంతా ప్రకృతి పేరుమీదే రాసుకున్నా, అడవి కనిపించేది మాత్రం గ్రూప్ ఫొటోలో వెనకాల.

సరదా వద్దని ఎవరూ అనరు. అయితే డీజే నగరంలోనూ దొరుకుతుంది. అడవిలో మాత్రమే దొరికేదాన్ని పోగొట్టుకోవడానికి అంత దూరం వెళ్లాలా అన్నదే ప్రశ్న.

అలసిన ధ్యాసకు విరామం

రోజంతా తెర ముందు పనిచేసేవారికి ఎక్కువగా అలిసిపోయేది కండరాలు కావు, ధ్యాస. అక్కర్లేనివాటిని పక్కకు నెడుతూ ఒక్కదానిపైనే మనసు నిలపడానికి శ్రమ కావాలి. చెట్టు ఆకుల కదలిక, పారే నీటి చప్పుడు ఏ శ్రమా అడగకుండా మనసును మెల్లగా పట్టుకుంటాయి. ఆ కాసేపట్లో అలసిన ధ్యాస కోలుకుంటుందని అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రేచెల్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు ప్రతిపాదించారు.

2008లో అదే విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. విద్యార్థులు ఒకసారి చెట్ల తోటలో, మరోసారి నగర వీధుల్లో సుమారు గంటసేపు నడిచారు. తిరిగొచ్చాక, విన్న అంకెలను వెనక నుంచి ముందుకు చెప్పే పరీక్ష పెట్టారు. తోటలో నడిచాక ఫలితం స్పష్టంగా మెరుగుపడింది, వీధుల్లో నడిచాక అంతగా లేదు. చలికి వణుకుతూ, నడకను పెద్దగా ఇష్టపడనివారిలోనూ ఆ మేలు కనిపించింది.

2012లో మరో అధ్యయనం వచ్చింది. ఫోన్లు, కంప్యూటర్లు లేకుండా అడవి బాటల్లో నాలుగు రోజులు గడిపినవారు సృజనాత్మక పరీక్షలో, ఇంకా బయల్దేరనివారికంటే 50 శాతం ఎక్కువ మార్కులు సాధించారు. పాల్గొన్నది 56 మందే. మేలు అడవిదా, ఫోన్ లేకపోవడానిదా అన్నది ఆ అధ్యయనం విడదీసి చెప్పలేదు. విహారయాత్ర వేసేవారు అందుకే రెండింటినీ కలిపి చూడాలి. అడవికి వెళ్లి ఫోన్ చూస్తూ కూర్చుంటే ఈ అధ్యయనాలేవీ వర్తించవు.

స్పీకరు లెక్క

శబ్దం దూరం వెళ్లేకొద్దీ పలచబడుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్, పదింతలైతే 20 డెసిబెల్స్ తగ్గుతాయి. మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఉన్న స్పీకరు పది మీటర్ల దగ్గర 80, వంద మీటర్ల దగ్గర 60, కిలోమీటరు దూరంలో 40 డెసిబెల్స్ వినిపిస్తుంది. చెట్లు, గాలి, నేల వాలు కొంత తగ్గించవచ్చు కానీ, డప్పులాంటి లోతైన దరువును అవి అంతగా ఆపలేవు. మన దేశంలో శబ్ద కాలుష్య నియమాలు-2000 ప్రకారం నిశ్శబ్ద మండలాల్లో రాత్రివేళ పరిమితి 40 డెసిబెల్సే. రిసార్టు గోడ లోపలి సంబరం కిలోమీటరు అవతలి చెట్టుదాకా చేరుతుందన్నమాట.

ఆ చెట్టు మీద గుడ్లగూబ ఉండవచ్చు. చీకట్లో ఎలుక అలికిడిని చెవితోనే పసిగట్టి వేటాడే పక్షి అది. కప్పలూ కీచురాళ్లూ జతను పిలిచేదీ శబ్దంతోనే. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో రొద ఎక్కువున్నచోట ఒక జాతి పిట్టలు తమ పాట స్థాయిని పెంచుకున్నాయని 2003లో తేలింది. స్పీకరు వల్ల మనకు కీచురాళ్లు వినిపించవు, కీచురాళ్లకు ఒకదాని పిలుపు మరొకదానికి అందదు. నష్టం ఇద్దరికీ.

పట్టికలో ఏముండాలి?

మొదట ఖాళీ ఉండాలి. పూటకు రెండు గంటలైనా ఏ కార్యక్రమమూ వద్దు. తెల్లవారగానే అయిదారుగురు చొప్పున, స్థానిక మార్గదర్శి వెంట, మాటలు తగ్గించుకుని ఒక నడక. తర్వాత ఎవరికేం వినిపించిందో చెప్పుకుంటే అదే మంచి ఆట.

రాత్రికి ఆకాశం చాలు. తేదీ ఖరారు చేసేముందు గోడమీద క్యాలెండర్‌లో అమావాస్య ఎప్పుడో చూసుకోవాలి. డిసెంబరు రాత్రుల్లో కృత్తిక, రోహిణి, ఆరుద్ర నక్షత్రాలు చక్కగా కనిపిస్తాయి. కన్ను చీకటికి బాగా అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క ఫోన్ ఫ్లాష్ దాన్ని చెడగొడుతుంది. దారి చూసుకోవడానికి ఎర్ర కాగితం చుట్టిన టార్చ్ వాడవచ్చు. కాళ్లకు బూట్లు తప్పనిసరి. పాముకాటుకు మందు దొరికే దగ్గరి ఆసుపత్రి ఏదో బయల్దేరకముందే తెలుసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట మరొకటి. విశ్రాంతి పేరుతో ఉద్యోగి శని, ఆదివారాలను తీసుకోకూడదు. ఇంట్లో చిన్నపిల్లలో, పెద్దవారో ఉన్నవారికి ఆ రెండు రోజులే దిక్కు. గురు, శుక్రవారాల్లో వెళ్లి, రాలేనివారిని సంజాయిషీ అడగకుండా వదిలేస్తేనే అది విశ్రాంతి. రాత్రి పదింటికి మేనేజర్ సందేశాలు వచ్చే ఆఫీసులో అలసటను రెండు రోజుల అడవి తీర్చదు. అయితే రెండు రోజులు సందేశాలు ఆగినా పని ఆగలేదని మేనేజర్‌కు తెలిసొస్తే, ఆ అలవాటు ఆఫీసుదాకా రావచ్చు.

ఈసారి బస్సులో సామాను సర్దేటప్పుడు స్పీకరును ఆఫీసులోనే వదిలి చూడాలి. అక్కడ పాడేవాళ్లు ముందే ఉన్నారు.