ఇంటింటి విజ్ఞానము: రెండు రెసిస్టర్ల పంపకము

మోటారు బండ్లు తయారయ్యే మన హోసూరులోను, ఇటు కృష్ణగిరిలోను బడిలో సైన్సు ప్రదర్శన వచ్చిందంటే, పిల్లలు బండి బ్యాటరీ ముందు పెట్టుకొని కూర్చుంటారు. బ్యాటరీ 12 వోల్టులు. దానిని కొలిచి అంకెలలో చూపే ఆర్డుయినో ఊనో వంటి చిన్న బోర్డు ఓర్చుకొనేది 5 వోల్టులే. నేరుగా తగిలిస్తే బోర్డు పాడవుతుంది. మధ్యవర్తులుగా రెండు రెసిస్టర్లు చాలును. మన పిల్లలు తమిళ పుస్తకములో "మిన్‌తడై" అని చదివే నిరోధము వీటి గుణమే.

రెండింటిని వరుసగా కలిపి, పై కొసను బ్యాటరీ ప్లస్సుకు, క్రింది కొసను మైనస్సుకు తగిలించవలెను. నడిమి ముడి నుండి బోర్డుకు తీగ. బోర్డు మైనస్సు కూడ బ్యాటరీ మైనస్సుకే.

లెక్క అన్నదమ్ముల భాగముల వంటిది. ఎవరి నిరోధము ఎంతో, వారికి వోల్టేజిలో అంత వంతు. 1827లో జర్మనీ దేశపు ఓమ్ ప్రకటించిన సూత్రమే దీనికి ఆధారము. క్రింది రెసిస్టరు విలువను రెండింటి మొత్తముతో భాగించి, బ్యాటరీ వోల్టేజితో గుణించండి.

బండి నడిచేటప్పుడు బ్యాటరీ 14 వోల్టులు దాటవచ్చును గనుక 15కు లెక్క కట్టుట క్షేమము. 15లో 5 అంటే మూడింట ఒక వంతు. క్రింద 10 వేల ఓములు ఉంటే పైన 20 వేలు కావలెను. అంగడిలో సులభముగా దొరికేది 22 వేలు; అదే వేయండి. 15 వోల్టులకు 4.69, 12కు 3.75 వస్తుంది. పారే కరెంటు అర మిల్లీ ఆంపియరు లోపే. పావు వాట్టు రెసిస్టర్లు చాలు.

"ఇట్లే 5 వోల్టులు తీసి సెల్ ఫోనుకు చార్జి పెట్టుకోరాదా?" అని పిల్లలు అడుగుతారు. పెట్టరాదు. ఫోను మూడవ భాగస్థుడై పంపకములో దూరుతుంది. క్రింది రెసిస్టరు ప్రక్కన మరొక 10 వేల ఓములు చేరితేనే 3.75 కాస్తా 2.22కు పడిపోతుంది, ఫోను లాగేది అంతకు ఎన్నో రెట్లు. పోనీ, 1 ఆంపియరు పారేటట్లు చిన్న విలువలు వేద్దామా, పై రెసిస్టరులో 7 వాట్లకు తక్కువ కాకుండ వేడి పుడుతుంది. ఫోను నిండి కరెంటు తగ్గగానే వోల్టేజి పైకి లేచి ఫోనుకే ముప్పు.

కొలతకు రెసిస్టర్లు, చార్జికి 12ను 5కు దించే కన్వర్టరు. ఈ భేదము పిల్లలకు చెప్పి, బోర్డు తగిలించే ముందు నడిమి ముడి వద్ద మీటరు పెట్టి చూడమనండి. ఇంటి గోడలోని 230 వోల్టులతో మాత్రము ఈ ప్రయోగము వద్దే వద్దు.