ఆయాసానికి కొలత కరవు

సీఓపీడీగా పిలిచే దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధి 2021లో ప్రపంచవ్యాప్తంగా 35 లక్షల మందిని బలిగొన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. భారత్‌లో అధిక మరణాలకు కారణమవుతున్న వ్యాధుల్లో ఇదీ ఒకటి. అయినా దీన్ని నిర్ధారించే స్పైరోమెట్రీ పరీక్ష ఎక్కువ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఇంకా చేరలేదు.

నిండుగా గాలి పీల్చి బలంగా ఊదినప్పుడు, మొత్తం గాలిలో తొలి సెకనులోనే ఎంత భాగం వెలువడుతుందో ఈ పరీక్ష లెక్కిస్తుంది. శ్వాసనాళాలను వెడల్పు చేసే మందు ఇచ్చాక కూడా అది 70 శాతం లోపే ఉంటే, లక్షణాలను బట్టి సీఓపీడీగా నిర్ధారిస్తారు. మందుతో గణనీయంగా మెరుగుపడితే ఆస్తమా అనుమానం బలపడుతుంది. స్టెతస్కోపు గానీ, ఎక్స్‌రే గానీ ఈ లెక్క తేల్చలేవు. వ్యాధి తొలిదశలో పల్స్ ఆక్సీమీటరు సాధారణ స్థాయినే చూపవచ్చు.

కొలత లేనిచోట ఆయాసం వయోభారం ఖాతాలో పడుతుంది. పొగతాగే అలవాటు లేకున్నా కట్టెల పొయ్యి ముందు దశాబ్దాలు గడిపిన మహిళల విషయంలో ఈ ముప్పు మరింత ఎక్కువ.

జాతీయ అసాంక్రమిక వ్యాధుల నివారణ కార్యక్రమం 2023 మార్గదర్శకాల్లో సీఓపీడీ, ఆస్తమాలకు చోటు దక్కింది. అయితే యంత్రాలు కొన్నంత మాత్రాన సరిపోదు. రోగి సరిగ్గా ఊదకుంటే ఫలితమే తప్పుతుంది. ఊదించే నేర్పున్న సిబ్బందిని తయారుచేయడమే అసలు పరీక్ష.