గట్టి పరుపే నడుముకు మందా?

‘నడుమునొప్పా? గట్టి పరుపు మీదనో, నేల మీదనో పడుకోండి’ అన్న సలహా మన సమాజంలో వేదవాక్కుగా చెలామణి అవుతోంది. ఇది నమ్మకమే గాని శాస్త్రం కాదు. దీర్ఘకాలిక నడుమునొప్పి గల 313 మందిపై స్పెయిన్‌లో జరిగి, 2003లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో వెలువడిన పరిశోధన ప్రకారం, 90 రోజుల అనంతరం గట్టి పరుపు కంటే మధ్యస్థమైన గట్టిదనం గల పరుపు వాడినవారికే ఎక్కువ ఉపశమనం లభించింది.

‘ఆర్థోపెడిక్’ అన్న ముద్ర చూసి అధిక ధర చెల్లించకండి. అది వ్యాపారి మాటే, వైద్యుని ధ్రువీకరణ కాదు. దూది, కొబ్బరిపీచు, ఫోమ్, స్ప్రింగు, ఏదైనా సరే, పక్కకు తిరిగి పడుకున్నప్పుడు వెన్ను వంగకూడదు. భుజం, తుంటి నొక్కుకుపోకూడదు. గుంటపడిన పరుపును మార్చండి.

దూది పరుపును ఎండలో వేయండి. ఫోమును నీడలో గాలికి ఆరనివ్వండి. దుప్పట్లను వారానికొకసారి వేడినీటిలో ఉతకండి. ఉబ్బసాన్ని రేపే ధూళి పురుగులు పడకలోనే పెరుగుతాయి. నొప్పితోపాటు కాళ్ళలో బలహీనత, మూత్రంపై పట్టు తప్పడం వంటివి కనిపిస్తే వెళ్ళవలసినది పరుపుల దుకాణానికి కాదు, వెంటనే వైద్యుని వద్దకు.