పాత కారు – బోరు నీళ్ళు

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పాత కారుకు ఆయుష్షు ఉండదని ఒక నమ్మకం స్థిరపడిపోయింది. ఎండలే కారణమంటారు. ప్రతి వేసవిలోనూ రెంటచింతల పేరు పత్రికలకెక్కే ప్రాంతం కనుక ఆ మాటను ఎవరూ కాదనరు. కానీ ఎండకన్నా మనం పోసే నీళ్ళే ఆ కార్లకు ఎక్కువ చేటు చేస్తున్నాయని నా అభిప్రాయం.

సాగర్ కుడి కాలువ నీరందని ఊళ్ళలో బోరే దిక్కు. ఆ నీరు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుందని అందరికీ తెలుసు. అందుకే తాగడానికి క్యాన్లు కొనుక్కుంటాం. రేడియేటరులోకి మాత్రం అదే బోరు నీరు బిందెతో పోస్తాం! గిన్నెలో కట్టిన పొరే రేడియేటరు సన్నని గొట్టాల్లోనూ, ఇంజను నీటి దారుల్లోనూ కడుతుంది. వేడిని బయటికి పోనివ్వదు. దానికి తుప్పు తోడైతే గొట్టాలు పూడుకుపోతాయి. చివరకు నడివేసవిలో, అద్దంకి రోడ్డు మీదనో వినుకొండ దాటాకనో ఆవిరి చిమ్ముతుంది. "బండి ముసలిదైపోయింది" అని తీర్మానించేస్తాం.

పాత అంబాసిడర్ ఇంజను పోత ఇనుముది. ఈ అపచారాన్ని కొంత భరించింది. మారుతి 800 హెడ్డు అల్యూమినియంది. బాగా వేడెక్కితే వంకరపోతుంది, గాస్కెట్టు కాలిపోతుంది. ఈ రెండు కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్నవాటిని కాపాడుకోవడమే మిగిలింది.

"మనకేమన్నా మంచు కురుస్తుందా, కూలెంటెందుకు?" అని అడిగేవారున్నారు. నీరు గడ్డకట్టకుండా చూడటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. గ్లైకాలు, డిస్టిల్డ్ వాటరు చెరిసగం కలిపితే మరుగు స్థానం 100 నుంచి సుమారు 107 డిగ్రీలకు చేరుతుంది. అందులో కలిపిన రసాయనాలు తుప్పును అడ్డుకుంటాయి. రేడియేటరు మూత ప్రెషర్ కుక్కరు మూత వంటిదే. ఒత్తిడిని నిలిపి మరుగు స్థానాన్ని ఇంకా పెంచుతుంది. దాని రబ్బరు చెడితే ఆ లాభం పోయినట్టే. అందుకే వేడిమీద ఆ మూత తీయడం ప్రమాదం.

మరో దురాచారం థర్మోస్టాటును పీకి పారేయడం. అది సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. మన ఎండల్లో ఎలాగూ త్వరగానే తెరుచుకుంటుంది కనుక తీసేసినందువల్ల ఒరిగేది లేదు. పైగా ఉదయం పూట ఇంజను తగినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

చేయవలసినది కొంచెమే. రెండేళ్ళకొకసారి పాత నీరంతా వదిలి, లోపల కడిగి, కొత్త కూలెంటు నింపాలి. పాతది మట్టిలో పారబోయరాదు. తియ్యగా ఉంటుంది కనుక కుక్కలూ పశువులూ నాకుతాయి, అది విషం. పత్తి బళ్ళు తిరిగే రోజుల్లో రేడియేటరు రేకుల మధ్య చిక్కుకున్న దూదిని ఇంజను వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్ళతో కడగాలి. ఫ్యాను బెల్టు బిగువు, ఇంజనాయిలు మట్టం వేసవికి ముందే చూసుకోవాలి.

ఈ పాత కార్లు ఇప్పుడు సరదాకు నడిపేవారి దగ్గర తక్కువ, అవసరానికి నడిపేవారి దగ్గరే ఎక్కువ. మిరప రైతు యార్డుకు వెళ్ళేదీ, అర్ధరాత్రి రోగిని గుంటూరు ఆసుపత్రికి చేర్చేదీ వాటిలోనే. ఆ దారిలో బండి ఆగితే పోయేది గాస్కెట్టు ఒక్కటే కాదు. కూలెంటు డబ్బాకయ్యే ఖర్చు హెడ్డు విప్పే కూలికి కూడా చాలదు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వే బదులు, ఫిబ్రవరిలోనే ఒకసారి బానెట్టు ఎత్తి చూస్తే ఏం పోతుంది చెప్పండి?