మీరేమిట్లు అని అడగని సత్రం

మిరప కోతలు అయిపోయి, కల్లాల్లో కాయలెండి, టిక్కీలు గుంటూరు యార్డుకు వెళ్లిపోయాయంటే మా వైపు ఆడవాళ్లకు కాస్త ఊపిరి తిరుగుతుంది. పత్తికట్టె పీకడం కూడా అప్పటికి అయిపోతుంది. ఇక ఎక్కడికైనా వెళ్లొద్దామా అన్న మాట ఏదో ఒక అరుగు మీద నుంచి లేస్తుంది. శ్రీశైలమా, కాశీయా, రామేశ్వరమా అన్నది తర్వాత సంగతి. ముందు అందరూ అడిగేది ఒకటే. "రాత్రికి ఎక్కడుంటాం?"

మగవాళ్లకు ఇదొక ప్రశ్నే కాదండీ. బస్టాండులో తువ్వాలు పరుచుకుని పడుకున్నా వాళ్లకు తెల్లారిపోతుంది. ఆడవాళ్లం మాత్రమే బయల్దేరామా, లాడ్జి కౌంటరు దగ్గరే మొదలవుతుంది. "వెంట మగవాళ్లెవరూ లేరా?" అని. మా అమ్మ కంటి ఆపరేషను కోసం ఒకసారి వేరే ఊరు వెళ్లి, రాత్రి ఎనిమిది గంటలకు ఈ మాట విన్నాను. చేతిలో డబ్బులున్నాయి, ఆధార్ కార్డులున్నాయి, గోడకు గదుల తాళాలు వేలాడుతూనే ఉన్నాయి. "మీ ఆయనతో ఫోన్లో మాట్లాడించండి" అన్నాడు, మా అబ్బాయి వయసు కుర్రాడు. కంటికి కట్టుతో మా అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఆ రాత్రి ఆటో అతను తెలిసిన వాళ్లింటికి తీసుకెళ్లకపోతే ఏం చేసేవాళ్లమో!

నిజానికి మన దేశంలో బాటసారికి అన్నం పెట్టి, చాప వేసిన వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువేమో అనిపిస్తుంది నాకు. హోటళ్లు రాకముందు పూటకూళ్లమ్మ ఉండేది కదా. గురజాడ వారి కన్యాశుల్కం చదివిన వాళ్లకు ఆవిడ చేతి చీపురు కూడా గుర్తుండే ఉంటుంది! ఇక కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు (1841-1909) డబ్బు తీసుకోకుండానే పెట్టారు. గోదావరి పాయలు దాటి వచ్చే వాళ్లు ఏ వేళకు తలుపు తట్టినా ఆవిడ పొయ్యి వెలిగించేవారట. గన్నవరం అక్విడక్టుకు ఆవిడ పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు.

తర్వాత సత్రాలు వచ్చాయి. శ్రీశైలం వెళ్లిన వాళ్లకు తెలుసు, అక్కడ కులానికొక సత్రం. బ్రాహ్మణులకు కరివేన సత్రం, అలాగే వైశ్యులకు, రెడ్లకు, కమ్మవారికి, వెలమలకు, పద్మశాలీలకు, ఇంకా చాలామందికి ఎవరిది వాళ్లకు. కోటప్పకొండ దగ్గరా ఇంతే. వీటిని నేను తీసిపారెయ్యను. ఎవరో పుణ్యాత్ములు పొలం రాసిచ్చారు, ఎవరో తల్లి పేరు మీద గది కట్టించారు. తక్కువ ఖర్చుతో శుభ్రమైన గది, వేళకు భోజనం, ముసలివాళ్లకు వేణ్ణీళ్లు. అయినా కౌంటరులో ఆ మాట ఉంటుందే, "మీరేమిట్లు?" అని. మన వాళ్లయితే అది మామూలు పలకరింపులాగే వినపడుతుంది. పక్కన వేరొకరు ఉన్నప్పుడు తెలుస్తుంది ఆ మాట బరువు.

మేం దోర్నాల ఘాటు మీదుగా శ్రీశైలం వెళ్లినప్పుడు ఐదుగురం. మా అత్తయ్య, నేను, మా పిన్ని, ఆవిడ కోడలు, మా వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న ఒకావిడ. ఆవిణ్ణి నేను వదినా అనే పిలుస్తాను. ఒక సత్రంలో ఆ ప్రశ్న వేశారు. నలుగురికి గది ఇస్తాం, ఆవిడకు కుదరదన్నారు. గట్టిగా కూడా అనలేదు పాపం, రూలు అన్నారు. వదిన అప్పటికే సంచి భుజానికెత్తుకుని, "నేను గుడి దగ్గర ఎక్కడైనా సర్దుకుంటాలే" అంటోంది. మా అత్తయ్య మాత్రం చెప్పులేసుకుని బయటికి నడిచింది. "ఐదుగురం వచ్చాం, ఐదుగురం ఒక్కచోటే పడుకుందాం" అంది. దేవస్థానం వారి హాల్లో దుప్పట్లు పరుచుకున్నాం. చలికి మా పిన్ని రాత్రంతా సణుగుతూనే ఉంది లెండి.

మరుసటి ఏడాది ఆ ఐదుగురమే జిల్లెళ్లమూడి వెళ్లాం. బాపట్ల నుంచి పొన్నూరు వైపు దారిలో ఏడో మైలు దగ్గర దిగి, పొలాల మధ్య దారిన లోపలికి వెళ్లాలి. మా మిరప నల్లరేగడి చూసిన కళ్లకు ఆ వరిచేల పచ్చదనం భలే చల్లగా ఉంది. అక్కడ అమ్మ అని అందరూ పిలుచుకునే అనసూయాదేవిగారు ఉండేవారు. 1923లో మన్నవలో పుట్టారు. భర్త నాగేశ్వరరావుగారు జిల్లెళ్లమూడి కరణం. ఆవిడా మనలాగే ఇల్లు, పిల్లలు, పొయ్యి అన్నీ చూసుకున్న ఇల్లాలే. ఊళ్లో ఆడవాళ్లచేత రోజుకో పిడికెడు బియ్యం పక్కన పెట్టించి, కూడిన బియ్యం లేనివాళ్లకు అందేలా చేశారట. ఇంటికి వచ్చేవాళ్లు పెరిగిపోయాక 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు ఉండే ఇంటికి పెట్టిన పేరు 'అందరిల్లు'. 1973లో అమ్మ యాభయ్యో ఏడు వేడుకకు లక్షమందికి పైగా భోంచేశారని చెబుతారు. 1985లో అమ్మ పోయారు. వంట మాత్రం ఆగలేదు.

మేం వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. ఏ ఊరు నుంచి వస్తున్నారని అడిగారు, చెప్పాం. తర్వాత ప్రశ్న ఏమొస్తుందోనని వదిన నా చెయ్యి పట్టుకుంది. "కాళ్లు కడుక్కోండమ్మా, ముందు అన్నానికి రండి" అన్నారంతే. గది సంగతి అన్నాలయ్యాకే. పప్పు, పులుసు, మజ్జిగ. బ్రహ్మాండమైన రుచులేం కావు, మా పిన్ని కారం చాల్లేదంది. కానీ పంక్తిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఎవరూ చూడలేదు. సాయంత్రం వంటింటి వసారాలో బుట్టెడు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే మేమూ కత్తిపీట ముందు కూర్చున్నాం. రాత్రి వదిన వడ్డించింది. పెద్ద పెద్ద వాళ్లంతా ఆకు ముందు చెయ్యి చాపి, "ఇంకాస్త వెయ్యమ్మా" అంటున్నారు. పడుకునేటప్పుడు, "నా చేతి అన్నం ఇంతమంది తినడం ఇదే మొదలు వదినా" అంది. మా అత్తయ్య నిద్రపోయినట్టే ఉంది గానీ, కొంగుతో కళ్లొత్తుకోవడం నేను చూశాను.

అన్నట్టు జపాన్‌లో షికోకు అని ఒక దీవి ఉంది. అక్కడ 88 గుళ్లు చుట్టి రావడం పెద్ద యాత్ర. నడిచి వెళ్తే దాదాపు 1,200 కిలోమీటర్లు. దారిపొడుగునా ఊళ్ల వాళ్లు యాత్రికులకు పండో, టీయో, చిల్లరో చేతిలో పెడతారు. కొందరు రాత్రికి చోటు కూడా ఇస్తారు. దీన్ని ఒసెత్తాయి అంటారట. ఇచ్చింది కాదనకూడదట, పుచ్చుకుంటే ఇచ్చినవాళ్లకూ యాత్ర ఫలం దక్కుతుందని నమ్మకం. మా మేనకోడలు ఈ సంగతి చెబితే మా అత్తయ్య, "మన పక్కనే ఉన్నది మానేసి అంత దూరం ఎందుకే?" అంది!

సత్రాలకు వెళ్లేటప్పుడు నేను తీసుకెళ్లేవి చెబుతాను. పలచటి దుప్పట్లు రెండు, చిన్న తాళం కప్ప (గది గొళ్లేనికి మనదే వేసుకుంటే నిశ్చింత), మరచెంబు, టార్చిలైటు, బట్టలారేసుకునే తాడు, అందరి ఆధార్ జిరాక్సులు. ముందురోజే ఫోను చేసి, "అందరం ఆడవాళ్లమే, ఫలానా వేళకు వస్తాం" అని చెప్పి, సమాధానం ఇచ్చినవాళ్ల పేరు రాసుకోండి. పండగ రోజుల్లో వెళ్లకండి. డబ్బు తీసుకోని చోట హుండీ ఉంటుంది. లాడ్జికి ఎంతయ్యేదో లెక్కేసుకుని అందులో వెయ్యండి. బయల్దేరే ముందు గది ఊడ్చి రండి, చీపురు అడిగితే ఇస్తారు.

జిల్లెళ్లమూడికి మా వైపు నుంచి వెళ్లేవాళ్లు తొడిమలు తీసిన ఎండుమిరపకాయలు రెండు కిలోలు సంచిలో వేసుకోండి. వంటింట్లో వాళ్లు వద్దనరు. మా పిన్నికి కారం సమస్యా తీరుతుంది.

వచ్చే వారం గుమ్మడి వడియాలు.