పాత్రపై పద్యము

పారశీక సాహిత్యచరిత్రము వ్రాయువారు వ్రాతప్రతులను వెదకుదురు, రాజాస్థానములను వెదకుదురు. కుమ్మరి ఆవమును మాత్రము సామాన్యముగా వెదకరు. దానిని కళాచరిత్రకారునకు వదలివేయుదురు. అతడో, పాత్ర రంగును తళుకును వర్ణించి, అంచున నున్న పద్యమును 'అలంకారము' అను ఒక్కమాటతో తఱచు దాటిపోవును. ఇరువురి నడుమ ఆ పద్యము దిక్కులేని దగుచున్నది.

12, 13 శతాబ్దులలో ఇరానునందలి కాషాను పట్టణము ఈ విద్యకు ప్రధానస్థానము. అచ్చటి కుమ్మరుల వంశమున పుట్టిన చరిత్రకారుడు అబుల్ ఖాసిం 1301లో తమ ఇంటివిద్యను గ్రంథస్థము చేసెను. పలుగురాతి పొడి పది పాళ్లు, గాజుపొడి ఒక పాలు, తెల్లని బంకమన్ను ఒక పాలు కలిపి పాత్ర చేయుదురు. గాజుపూతతో ఒకమాఱు కాల్చిన పిమ్మట, వెండి, రాగి కలిసిన రంగుతో దానిపై వ్రాసి, గాలి చొరనీయక పొగలో మరల కాల్చుదురు. అప్పుడా వ్రాత బంగారమువలె మెఱయును. మీనాయీ పాత్రలపై నైతే పలువన్నెల రౌతులును, కొలువుకూటములును కానవచ్చును.

ఇంత శ్రమకోర్చి వ్రాసిన దేమి? 10వ శతాబ్దినాటి నిషాపూరు పాత్రలపై అరబ్బీ నీతివాక్యములు, శుభాకాంక్షలు కలవు. కాషాను పాత్రలపై పారశీకమున ప్రేమపద్యములు, విరహపద్యములు కలవు. అబూ జైద్ అను శిల్పి స్వహస్తముతో వ్రాసితినని చేవ్రాలు చేసి, తేదీని సైతము నిలిపెను.

ఆ పద్యములు సామాన్యములనియు, ఒక్కటియే పలు పాత్రలపై వచ్చుననియు, వ్రాతతప్పులు కలవనియు కొంద రాక్షేపింతురు. నిజమే. కాని మహాకవి యేమి వ్రాసెనో ప్రతులు చెప్పును. కొనువారు ఏ పద్యమును మెచ్చి యింటికి తీసికొనిపోయిరో పళ్లెమే చెప్పును. పలుమాఱులు వచ్చుట దోషము కాదు, సాక్ష్యము.

1270 తరువాతి దశాబ్దిలో మంగోలు ప్రభువు అబాఖా ఖాను తఖ్తె సులేమానున కట్టించిన సౌధపు గోడపలకలలో కొన్నిటిపై ఫిర్దౌసి షానామా పద్యపాదములు కలవు. జయించినవాడు ఓడినవారి గాథను తన గోడపై వ్రాయించుకొనెను! నేడా పలకలు దేశదేశముల మ్యూజియములలో చెదరియున్నవి. వరామినులోని ఇమాంజాదా యహ్యా సమాధిమందిరమున 1262 ప్రాంతమున అమర్చిన ఖురాను వాక్యముల పలకలను 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ఊడదీసి అమ్మిరి.

తాటాకుల కట్ట విప్పి ఆకొకచోట అమ్మినవానిని తెలుగు పండితుడు క్షమింపడు. పలకకును అదే న్యాయము వర్తింపవలెను. చెదరిన పలకల ఛాయాచిత్రములనైనను ఒకచోట చేర్చి, వరుస కుదిర్చి, చదువుటకు వీలు కల్పించుట వానిని దాచినవారి విధి. అద్దాల బీరువాలో నున్నది అందమైన పెంకు మాత్రమే కాదు. పుస్తకమునుండి చిరిగిన పుట.