కాన్‌స్టంటైన్ కట్టని సంస్థ

తొలి క్రైస్తవులు ఇళ్లలో కూడి రొట్టె విరుచుకున్న సాదాసీదా సహోదరులనీ, నాలుగో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ వేలు పెట్టాకే బిషప్పులూ హోదాలూ ఆస్తులూ గల సంస్థ పుట్టిందనీ, దాన్ని వదిలించుకుంటే అసలైన విశ్వాసం దానంతటదే బయటపడుతుందనీ చెప్పే కథ ఇంటి సంఘాల ప్రచారంలోనూ, చర్చిని పూర్తిగా విడిచినవారి రచనల్లోనూ దాదాపు ఒకే తీరుగా వినిపిస్తుంది. ముచ్చటైన కథే కానీ, తేదీలు దానికి సాక్ష్యం చెప్పవు.

313 నాటి మిలాన్ ఒప్పందం క్రైస్తవానికి ఇచ్చింది స్వేచ్ఛ మాత్రమే. రాజమత హోదా 380లో థియోడోసియస్ ఏలుబడిలో గానీ దక్కలేదు. 325లో నైసియా మహాసభ బైబిలు గ్రంథాలను ఏరిందన్న మాట మరీ నిరాధారం. అక్కడి ప్రధానమైన తగవు క్రీస్తు దైవత్వం గురించి.

సంస్థ వయసు తెలియాలంటే 251 ప్రాంతంలో, అంటే కాన్‌స్టంటైన్ పుట్టకముందే, రోము బిషప్పు కొర్నేలియస్ రాసిన లేఖను చూడాలి. చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరచిన ఆ లేఖ ప్రకారం ఆ ఒక్క నగర సంఘంలోనే 46 మంది పెద్దలు, ఏడుగురు డీకన్లు అనే పరిచారకులు, ఏడుగురు ఉపపరిచారకులు, 42 మంది సహాయకులు, దయ్యాలను వెళ్లగొట్టేవారూ చదువరులూ ద్వారపాలకులూ కలిసి 52 మంది, వీరు కాక సంఘం పోషణలో ఉన్న విధవరాండ్రూ దీనులూ 1500 మందికి పైగా ఉన్నారు. డీసియస్ చక్రవర్తి సాగించిన హింస నుంచి సంఘం ఇంకా తేరుకోని రోజులవి. అంతమందికి నిత్యం అన్నం పెట్టాలంటే ఎవరికెంత ముట్టిందో రాసి ఉంచేవారూ, తేడా వస్తే జవాబు చెప్పేవారూ ఉండక తప్పదు; విధవరాండ్రకు పంచే ఆహారం దగ్గర సణుగుడు పుట్టి ఏడుగురిని నియమించవలసి వచ్చిన సంగతి అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలోనే ఉంది.

అన్నం చుట్టూ పెరిగిన వ్యవస్థకు ఆస్తి తగవులూ కాన్‌స్టంటైన్‌కు ముందే వచ్చాయి. 268లో అంతియొకయ సభ బిషప్పు పదవి నుంచి తొలగించిన సమోసటా పౌలు సంఘ భవనాన్ని ఖాళీ చేయకపోతే, క్రైస్తవుడు కాని అరేలియన్ చక్రవర్తి దగ్గరికే బిషప్పులు ఫిర్యాదుకు వెళ్లారు. మతాధికారులకు పన్ను మినహాయింపులు, బిషప్పులకు న్యాయాధికారం, భారీ ఆలయాలు ఇచ్చి కాన్‌స్టంటైన్ ఈ సంస్థను బలిపించాడనడంలో సందేహం లేదు. కానీ బలిపించినవాడు కన్నవాడు కాడు.

సంస్థను విడిచిపోయినవారి చరిత్రా ఇదే చెబుతుంది. అభిషిక్త పాదిరీలు అక్కరలేదంటూ 19వ శతాబ్దంలో బ్రిటన్, ఐర్లండ్‌లలో మొదలైన బ్రదరన్ ఉద్యమం, ప్రభువు బల్లలో, అంటే రొట్టె విరిచే కూడికలో, ఎవరిని చేర్చుకోవాలన్న తగవుతో 1848లోనే రెండుగా చీలింది. చేర్చుకునే హక్కు ఎవరిదన్న ప్రశ్న వచ్చాక అధికారం రాకుండా ఎలా ఉంటుంది? ఆ ఉద్యమానికే చెందిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ 1836లో భారతదేశానికి వచ్చి గోదావరి డెల్టాలో పని మొదలుపెట్టారు. పాదిరీ హోదానే ఒప్పుకోని ఆ సహోదరుల మిషన్‌కు తరువాతి కాలంలో నరసాపురంలో ఆసుపత్రి ఏర్పడింది, ఆసుపత్రి అన్నాక మందుల పద్దూ, నర్సుల డ్యూటీలూ, రోగుల రిజిస్టరూ వాటంతటవే వచ్చి చేరాయి.